శుక్రవారం అల్లుడు

ఆ సంవత్సరపు నా దినచర్య పుస్తకంలో ప్రతి పుటకూ కుడివైపున నిలువుగా ఒక గీత ఉంటుంది. గీతకు ఎడమవైపు నా ఉద్యోగానికి సంబంధించిన లెక్కలు: పోటు వచ్చిన వేళ, ఆటు తీసిన వేళ, గాలి దిక్కు, ఉప్పు మళ్ళలోకి వదిలిన నీటి చిక్కదనం. కుడివైపు ఒకే ఒక అంకె. అది నా భార్య ఆ రోజు పలికిన మాటల సంఖ్య. కార్తీకం చివరి నుంచి పుష్యం ముగిసేదాకా, ఒక్క రోజు మినహా, ఆ అంకె సున్న.

ఆమెకు మాట పడిపోలేదు. నెల్లూరు వైద్యుడొకరు గొంతూ నాలుకా పరీక్షించి లోపమేమీ లేదన్నారు. వంట చేసేది, వాకిలి చిమ్మేది, పిలిస్తే తలెత్తి చూసేది. మాట్లాడటం మాత్రం మానేసింది.

కారణం నాకు తెలుసుననే అనుకున్నాను. దాన్ని దాచకుండా రాయాలి.

కృష్ణపట్నానికి దక్షిణంగా ఏడు మైళ్ళ దూరంలో, సముద్రానికీ ఉప్పుటేరుకూ నడుమనున్న పల్లెలో, ఉప్పు తీసే కొటారులో గుమాస్తాగా అప్పటికి నాకు పద్నాలుగేళ్ళ సర్వీసు. ఉప్పునీరు తయారైందో లేదో చూడటానికి అంకెలు గీసిన గాజు గొట్టాన్ని అందులో తేలేస్తాం. నీరు చిక్కబడే కొద్దీ గొట్టం పైకి లేస్తుంది. ఒక్క కొలతను నమ్మి మడవ తెరిస్తే మడి మొత్తం పాడవుతుంది. అందుకని మాకొక నియమం: వేర్వేరు వేళల్లో మూడు కొలతలు తీసి, మూడూ ఒకే దారిలో నడిస్తేనే నిర్ణయం చేయాలి. ఆ నియమాన్ని నేను పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

కార్తీకంలో మా అయిదేళ్ళ కూతురికి జ్వరం వచ్చింది. జ్వరం చూసే గొట్టం పెడితే ఉదయం ఎనిమిది గంటలకు నూటొకటి. పది గంటలకు నూటరెండున్నర. ఏటిలో అప్పుడు నిండు పోటు. పడవ రేవులోనే ఉంది. ఏరు దాటితే నెల్లూరు పోవడానికి బండి దొరుకుతుంది. "ఇంకొక్కసారి చూసి బయలుదేరుదాం," అన్నాను. పన్నెండు గంటలకు నూటనాలుగు. మూడు కొలతలూ ఒకే దారిలో నడిచాయి. ఈలోగా ఆటు తీసింది. పడవ బురదలో కూర్చుంది. తిరిగి నీళ్ళు వచ్చేసరికి సాయంత్రం ఆరు దాటింది. అవతలి గట్టున బండి కట్టేలోపలే బిడ్డ పోయింది. ఆ ఆటు ఏ వేళకు తీస్తుందో ముందునాడే లెక్కకట్టి నా పుస్తకంలో నేనే రాసి పెట్టుకున్నాను.

మర్నాడు నా భార్య నన్ను ఒకే మాట అడిగింది. "రాసుకున్నారా?" ఆ తరువాత మౌనం.

పుష్యంలో ఆమె అన్నగారు కోవూరు నుంచి వచ్చాడు. వరి సాగు చేసే మనిషి. పెద్ద గొంతు, మెత్తని మనసు. రెండు రోజులుండి చెల్లెలి ముఖం చూసి చూసి, వెళ్ళబోతూ నన్ను గట్టు మీదికి పిలిచాడు.

"బావా, నీ మీద నాకేం కోపం లేదు. కానీ ఈ ఉప్పుగాలిలో, ఈ ఇంట్లో ఇది ఇట్టే ఎండిపోతాది. ఉగాదికి వస్తా. ఈలోపల నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడిందా, సరే. లేదంటే కోవూరుకు తీసకపోతా. మళ్ళా పంపను."

ఉగాదికి డెబ్బైఒక్క రోజులున్నాయి. ఆ సాయంత్రమే లెక్కించి రాసుకున్నాను. బిడ్డ పోయిన ఇంట్లో ఆమె కూడా లేకపోతే నేను ఎవరి ఎదుట బతకాలో నాకు తెలియలేదు. ఆమె తిట్టినా చాలుననుకున్నాను. ఇష్టమైన కూరలు తెచ్చాను, పాత ఉత్తరాలు చదివి వినిపించాను, ఒకనాడు కావాలనే కుండ జారవిడిచాను. ముక్కలు ఏరి బయట పారేసింది. కుడివైపు సున్న వేశాను.

పుష్యం ముగియకముందే రేడియో మా జీవితంలోకి వచ్చింది. పంచాయతీ గదిలో ప్రభుత్వం వారిచ్చిన రేడియో ఒకటి ఉండేది. కరెంటు లేని ఊరు కనుక అది బ్యాటరీ మీద పలికేది. ఎన్ని గంటలు పలికిందో రిజిస్టరులో రాయాలి. రాతపని గనుక అది నా మెడకు చుట్టారు. శుక్రవారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అందులో అరగంట సేపు ఒక వారం వారం నాటకం వచ్చేది. దానికి అసలు పేరు వేరే ఉంది. ఊళ్ళో అందరూ 'శుక్రవారం అల్లుడు' అనేవారు.

కథ ఇది. ఒక పట్టణంలో ఇల్లరికపు అల్లుడు. చేతకానివాడని అత్త తిట్టని రోజు లేదు. ఎవరికీ తెలియని సంగతి, అతను గాలిలో ఎగరగలడు, నిండు బండిని ఒంటి చేత్తో ఎత్తగలడు. కూరగాయలకని బయలుదేరి, దారిలో మండే ఇంటినుంచి మనుషుల్ని దించి, కూలే వంతెనను భుజం మీద మోసి, ఆలస్యంగా ఇంటికి చేరేవాడు. వంకాయలు నలిగిపోయాయని అత్త రేగిపోయేది. అతని భార్యకు ఆ అరగంటలో ఒకే మాట: "అన్నం వడ్డించమంటారా?" అక్కడితో ఆ వారం కథ ముగిసేది.

ఊరు ఊరంతా పంచాయతీ అరుగు ముందు కూర్చుని నవ్వేది. నవ్వు అయిన తరువాత వాదన మొదలయ్యేది. అల్లుడికి ఆ బలం ఎక్కడిది? అత్తకు అనుమానం లేదా?

"సముద్రంలో మునిగి తేలినోడు వాడు," అనేవాడు ఒక ముసలి బెస్త. "సముద్రపు తల్లి బలమిచ్చి ఒడ్డుకేసింది. ఒక్కరోజన్నా వాడు చేప తిన్నట్టు చెప్పినారా? తినడు. మొక్కుండాది."

"చాల్లే తాతా! వాళ్ళింట్లో చేప వండితే గదా తినేదానికి! అత్తముండ వంకాయ తప్ప ఇంకోటి కొననీదు," అనేది ఎండుచేపల వ్యాపారం చేసే పెద్దామె. మా పక్క ఇల్లే ఆమెది. "అత్తకు అంతా తెలుసు. దిష్టి తగలకుండా తిడతా ఉండాది. నా అల్లుణ్ణి నేను తిట్టటంలా?"

"నీ అల్లుడు ఎగరతాడామే?"

"సారా కొట్టు దాకా ఎగరతాడు!"

పంచాయతీ అధ్యక్షుడు మాత్రం గంభీరంగా తల ఊపేవాడు. "చూస్తా ఉండండి. ఆఖరికి ఆ బలం ఎట్టా వచ్చిందంటే, ఎరువుల సంగతి చెప్తారు. గవర్నమెంటోళ్ళ రేడియోరా అది."

నా భార్యను అక్కడికి మొదట తెచ్చింది పెద్దామె. చేయి పట్టుకుని లాక్కొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది. మూడు శుక్రవారాలు నా భార్య నవ్వలేదు, కదలలేదు. నాలుగో శుక్రవారం, అత్తకు తెలుసా తెలియదా అని అరుపులు సాగుతుండగా, ఎవరి వైపూ చూడకుండా ఆమె అన్నది:

"ఆ పిల్లకు తెలుసు."

అరుపులు ఆగిపోయాయి. పెద్దామె ఆమె గడ్డం పట్టుకుంది. "ఏ పిల్లకమ్మా?"

"అన్నం పెట్టే పిల్లకు."

ఆ రోజు కుడివైపు ఆరు వేశాను. సిరా ఆరకముందే పుస్తకం మూసేశాను. సిరా మరక ఆ పుటమీద ఇప్పటికీ ఉంది.

తరువాతి శుక్రవారం పదకొండు. ఆ పై వారం పందొమ్మిది. అల్లుడు గడపలో అడుగు పెట్టకముందే ఆ పిల్ల విస్తరి వేసి ఉంచుతుందట. గుమ్మంలో నిలబడి ఆకాశం చూస్తుందట. చొక్కాకు అంటిన మసి ఎవరూ చూడకముందే ఉతికేస్తుందట. నా భార్య ఇవన్నీ చెప్పేది. రేడియోలో ఇవేవీ వినిపించలేదు. ఆమె తనకై తాను పట్టుకున్న ఆనవాళ్ళవి. ఊరు రెండు పక్షాలైంది. సగం మంది నా భార్య పక్షం. దారిలో కనిపిస్తే ఆడవాళ్ళు ఆమెను ఆపి అడిగేవారు. మాటలు శుక్రవారం పెరిగి, శనివారం తగ్గి, ఆదివారం నుంచి మళ్ళీ సున్నకు చేరేవి. అయినా శుక్రవారాల వరుస పైకే పోతోంది. మూడు కొలతలు ఒకే దారిలో నడిచాయి. ఆమె తిరిగి వస్తోందని నేను నిర్ణయం చేసుకున్నాను.

ఉగాదికి ఇంక నాలుగు శుక్రవారాలు. బ్యాటరీకి నా లెక్క ప్రకారం పదహారు గంటల ఆయువుంది. రోజూ పాటలూ వ్యవసాయ ప్రసంగాలూ పెడితే రెండు వారాలు కూడా రాదు. కొత్తది తీసుకుని రావలసిన మెకానిక్‌కు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. వాయుగుండాల కాలం దాటింది కాబట్టి సముద్రం మీదికి పోయేవారికి హెచ్చరికల అవసరం లేదని నాకు నేను చెప్పుకుని, శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో రేడియో మూసేశాను.

"గుమాస్తయ్యా, రేడియో పంచాయతీదా, మీ ఇంటిదా?" అని అరుగు మీద నిలదీశారు. నిజమే అడిగారు. రిజిస్టరు చూపించాను. రిజిస్టరులో లేని కారణం ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ తరువాత ఎవరూ ఏమీ అనలేదు.

కానీ నా లెక్క ఉప్పుగాలిని లెక్కలోకి తీసుకోలేదు. ఆ గురువారం పరీక్షగా తిప్పి చూస్తే, రేడియో దోమ పాడినట్టు సన్నగా పలికి ఆగింది. మర్నాడు పొద్దున్నే పెద్దామె, మరో నలుగురు ఆడవాళ్ళు వచ్చారు.

"నెమ్ము చేరింది దానికి. తడి పట్టిన చేపను ఏం చేస్తామయ్యా? ఎండేస్తాం. ఇటియ్యండి."

బ్యాటరీ డబ్బా మీదే అచ్చువేసి ఉంది, ఎండ తగలనివ్వరాదని. ఆ వాక్యం చదివినవాణ్ణి ఊళ్ళో నేనొక్కణ్ణే. ఎత్తి వాళ్ళ చేతుల్లో పెట్టాను. చేపలెండే ఇసుకలో తాటాకు చాప పరిచి, దాన్ని నడుమ పెట్టారు. కాకులు రాకుండా ఒకామె కర్ర పట్టుకుని కూర్చుంది. మిట్టమధ్యాహ్నం చేపలను తిప్పేటప్పుడు దాన్ని కూడా రెండో పక్కకు తిప్పారు. ఎవరూ నవ్వలేదు. నేనూ కొటారు పని వదిలి పక్కన నిలబడ్డాను. సాయంత్రానికి పై మైనం కరిగి, అడుగున నల్లని ముద్ద కారింది.

అయినా తీగలు తగిలించాం. నాలుగు నిమిషాలు పలికింది. అత్త తిట్టు సగంలో ఉండగా ఆగిపోయింది. నా భార్య ఇంకా కొంతసేపు రేడియో వైపే చూస్తూ కూర్చుని, లేచి ఇంటికి పోయింది. అంకె సున్న.

ఇక మిగిలింది మూడు శుక్రవారాలు. కృష్ణపట్నంలో ఒక టీ బంకులో రేడియో ఉందని తెలిసి, ఇసుకదారిన సైకిలు తొక్కుకుంటూ పోయాను. విన్నది విన్నట్టు పుస్తకంలో రాసుకుని, మర్నాటి సాయంత్రం అరుగు మీద చదివాను. నాకు అత్త గొంతు రాదు. ఆ భాగం పెద్దామె పలికింది. నా భార్య వచ్చి కూర్చుంది. ఇరవైమూడు మాటలు. రెండో వారం ఇరవైఆరు. ఇంక ఒక్క శుక్రవారం. ఆ పై మంగళవారమే ఉగాది.

ఆ శుక్రవారం ఎదురుగాలి. అయిదో మైలు దగ్గర సైకిలు గొలుసు తెగింది. దాన్ని తోసుకుంటూ బంకు చేరేసరికి నాటకం అయిపోయి రేడియోలో ధాన్యం ధరలు చెబుతున్నారు. బంకు యజమానిని బతిమాలాను. "ఏమో సామీ, ఏదో నవ్వులాట. నేను టీ కాస్తుంటి," అన్నాడు.

అబద్ధం రాయకూడదన్న నియమం కూడా నాకు ఉండేది. తిరిగి వచ్చే దారిలో కథ నేనే కట్టాను. మా వారం వారం వాదనలన్నీ గుర్తుకు తెచ్చుకుని, నా భార్య సంతోషించేలా కట్టాను. గోదారి పాయలో పడవ మునుగుతుంది. ఇంట్లో అల్లుడు అత్త చెప్పిన సామాను పట్టీ రాస్తూ కూర్చుని ఉంటాడు. అప్పుడు ఆ మాట్లాడని భార్య నోరు విప్పి, "మీరెవరో నాకు తెలుసు. పట్టీ అక్కడ పెట్టి లేవండి," అంటుంది. అల్లుడు ఎగిరిపోయి పడవను ఒడ్డుకు చేరుస్తాడు.

శనివారం అరుగు మీద అది చదివినప్పుడు జనం చప్పట్లు కొట్టారు. "అమ్మ చెప్పిందే నిజమైంది!" అని పెద్దామె నా భార్య భుజం చరిచింది. ముసలి బెస్త ఓటమి ఒప్పుకున్నాడు. నా భార్య ముఖంలో రక్తం లేదు.

"ఇది రేడియోలో రాలేదు," అన్నది. "మీరు కట్టినారు. ఆ పిల్ల చెప్పదు."

లేచి వెళ్ళిపోయింది. శనివారం ఎనిమిది మాటలు. ఆదివారం సున్న. సోమవారం సున్న. నేను చేజేతులా చెడగొట్టానని తెలిసింది. ఎక్కడ చెడిందో తెలియలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి, ఒక్క మాట, ఏదైనా ఒక్క మాట అనమని బతిమాలాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది.

ఉగాదినాడు పొద్దెక్కకముందే బావమరిది వచ్చాడు. చెల్లెలి ఎదుట కూర్చుని, తలగుడ్డ విప్పి మోకాలి మీద పెట్టుకుని, "ఏమ్మా?" అన్నాడు.

"వస్తుండా అన్నా," అన్నది ఆమె. "మూట కట్టుకునే ఉండా."

ఆయన ఉలిక్కిపడి నా వైపు తిరిగాడు. "బావా! మాట్లాడతా ఉండాది గదా! మరి చెప్పవేం? అయితే నేనెందుకు తీసకపోయేది? ఇక్కడే ఉండమ్మా."

"మాట వచ్చింది కాబట్టే పోతుండా. ఇన్నాళ్ళు రాక ఉండినా." అప్పుడు నన్ను చూసింది. కార్తీకం తరువాత ఆమె నా కళ్ళలోకి చూడటం అదే మొదలు. "ఆ పిల్లకు తెలుసు అంటే నేను మెచ్చుకుంటుండానని అనుకున్నారా మీరు? తెలిసి నోరు మూసుకున్నదాన్ని ఎవరన్నా మెచ్చుకుంటారా?"

ఆమె చూపు తిప్పలేదు.

"రెండోసారి మీరు గొట్టం పెట్టి చూసేటప్పుడు బిడ్డ కాళ్ళు నా ఒళ్ళో ఉండాయి. ఒళ్ళు కాలతా ఉండాది, కాళ్ళు చల్లబడినాయి. ఇది మంచిది కాదని నాకు తెలుసు. పోదాం పదండి అని ఒక్క మాట అనలా. మీరు రాస్తా ఉంటే నేనూ ఆ కాయితం పక్కే చూస్తా కూర్చున్నా. అరుగు మీద వారం వారం అదే చెప్తుండా. మీరంతా కథ అనుకున్నారు."

బావమరిది తలగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. పెద్దామె గడపలో నిలబడి విన్నది. వినగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. షరతు ప్రకారం నా భార్య ఉండిపోవాలి. ఆ ముక్క నేను ఎత్తలేదు. పోటు పదకొండింటిదాకా ఉంది. పది గంటలకే వాళ్ళు ఏరు దాటారు.

మూడు వారాల తరువాత కొత్త బ్యాటరీ వచ్చింది. నాటకం ఇంకా నడుస్తోంది. అత్త తాళంచెవి పోగొట్టుకుంది, అల్లుడు దాన్ని బావిలోంచి తీశాడు. నేను కల్పించిన పడవ సంగతి రేడియోకు తెలియదు కనుక ఎవరూ దాని ఊసెత్తలేదు. జనం నవ్వారు. నేను రిజిస్టరులో అరగంట రాసి, మర్నాడు సెలవుచీటీ పెట్టి నెల్లూరు మీదుగా కోవూరు వెళ్ళాను.

ఒక్క విషయం ఆమెకు చెప్పాలి. ఉగాదినాడు నాకు తట్టని మాట అది. పెన్న వంతెన మీద బస్సు పోతుండగా దాన్ని మూడుసార్లు మనసులో సరిచేసుకున్నాను. కోతలు సాగుతున్నాయి. కళ్ళం పక్క ఆమె చేటతో ధాన్యం తూరుస్తోంది. వదినతో ఏదో చెబుతోంది. పొట్టు ఎటు పడుతోందో చూసుకోమంటోంది. మామూలు గొంతు. నేను కనిపించగానే వదిన లోపలికి పోయింది.

"ఆ రోజు నువ్వు పోదామన్నా, నేను ఇంకొక్కసారి చూద్దామనేవాణ్ణి," అన్నాను. "నువ్వు చెప్పి ఉన్నా జరిగేది అదే. ఆ తప్పులో నీ పాలు లేదు."

ఆమె చేట దించింది. నేను చెప్పినదాన్ని తీసి పారేయలేదు.

"ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు," అన్నది. "మీరు ఆగమంటారని తెలిసే అనలా. అయినా అనుండాల. మీరు కాదంటే బిడ్డను భుజానేసుకొని రేవుకు నేనే పోయుండాల. పడవోడు మిమ్మల్ని అడిగి పడవ తీస్తాడా?"

ఎండ కళ్ళం మీద నిటారుగా పడుతోంది. ఆమె ఇంట్లోకి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"ఎండన పడి వచ్చినారు. తాగండి."

తాగాను. చెంబు తీసుకుని, ఇంకా కావాలా అని అడిగింది. వద్దన్నాను. ఆమె తిరిగి చేట అందుకుంది. గాలి మారడంతో పొట్టు నా వైపుకు రాసాగింది. "కొంచెం ఇవతలికి రండి, కంట్లో పడతాది," అన్నది. జరిగి, గట్టు మీద కూర్చున్నాను. సాయంత్రం బస్సు దాకా అక్కడే కూర్చున్నాను. ఆమె పని చేసుకుంటూనే ఉంది.